తుపాకికి రెండు సంతకాలు

యాత్రలు రాసినవాళ్లు చాలామంది దేవుడి దగ్గరకో, మంచుకొండలకో, సముద్రానికో పోయి వచ్చి రాశారు. నేను మా బావతో కలిసి, ఒక తుపాకి కోసం సంతకాలు అడగడానికి పోయి వచ్చాను. పుణ్యం ఎంత వచ్చిందో తెలియదు. బజ్జీలు మాత్రం బాగున్నాయి.

నాకు కొత్తకోటలో హైవే పక్కన పంక్చర్ల దుకాణం ఉంది. ఏడో తరగతిలో బడికీ నాకూ పడక విడిపోయాం. అది ఇప్పటికీ నడుస్తోంది, నేనూ నడుస్తున్నాను, ఎవరికీ నష్టం రాలేదు. కాబట్టి ఇందులో తప్పులుంటే టైర్లు చూసే కన్నుతో చూసి వదిలేయండి.

కొత్తకోట: బయలుదేరే ముందు

బావ అంటే మా అక్క మొగుడు, బాలస్వామి. ఆయన తండ్రికి లైసెన్సుతో ఒంటి గొట్టం తుపాకి ఉండేది. ఆ మామ పోయిన ఎండాకాలం చనిపోయాడు. లైసెన్సు ఉన్న మనిషి పోతే తుపాకి పోలీసు స్టేషనుకు పోతుంది. కొడుక్కి కావాలంటే తన పేరు మీద దరఖాస్తు పెట్టుకోవాలి, తోడబుట్టినవాళ్లంతా మాకు అభ్యంతరం లేదని సంతకాలు పెట్టాలి. బావకు ఒక తమ్ముడు గద్వాలలో, ఒక అక్క అచ్చంపేటలో. ఒక్క కడుపున పుట్టినవాళ్లు ఇన్ని దిక్కులకు ఎందుకు పోయారంటే, వాళ్లది కృష్ణ ఒడ్డు ఊరు. శ్రీశైలం డ్యాం నిండినప్పుడు మునిగింది. ఊరి పేరు రాయను. రాస్తే మీరు ఫోన్లో వెతుకుతారు, మ్యాపులో నీళ్లు కనిపిస్తాయి, నేను అబద్ధం రాశానంటారు.

బావకు తుపాకి ఎందుకంటే పల్లి చేన్లో అడవి పందులు పడుతున్నాయంటాడు. అది సగం నిజం. మిగతా సగం, పక్క చేను ఆసామితో గట్టు తగాదా. "గన్ను ఇంట్ల ఉన్నదని తెలిస్తే చాలు, గట్టు మీద ఎవడు కాలు పెడ్తడు?" అని ఒకసారి నోరు జారాడు. మా అక్క విన్నది.

బయలుదేరే పొద్దున అక్క నన్ను పశువుల కొట్టం వెనక్కి పిలిచింది.

"ఆ తుపాకి ఇంట్లకొస్తే నేను ఇంట్ల ఉండ. నువ్వు ఎంబడి పోయి సంతకాలు కాకుండ జూడు."

"మీ మామ ఉన్నన్ని దినాలు ఇంట్లనే ఉండె గదా అక్కా?"

"మా మామకు కోపమొస్తే బీడి ముట్టిస్తుండె. మీ బావకు కోపమొస్తే ఏం జేస్తడో నీకు తెల్వదా?"

తెలుసు. ఒకసారి మోటరు నడవలేదని మోటరునే తన్ని, పక్షం రోజులు కుంటుతూ తిరిగాడు. ఆ కాలి బదులు చేతిలో తుపాకి ఉంటే ఎట్లా ఉంటుందో ఊహించుకున్నాను.

"సాయం చేస్తనని పోయి గోతి తవ్వితే మోసం గాదా?"

"బామ్మర్దులున్నదే దానికి. పో."

గద్వాల: శనగపిండి వేలిముద్ర

నా పాత బండి మీద కృష్ణ వంతెన ఎక్కాం. వంతెన దాటేవాళ్లు నదిలో రూపాయి వేసి దండం పెట్టుకోవడం మన దగ్గర అలవాటు. నేనూ వేశాను. బావ జేబులో చెయ్యి కూడా పెట్టలేదు.

"వెయ్యవా బావా? పిసినారితనమా?"

"ఇల్లు ఏసినం, చేను ఏసినం, బాయి ఏసినం. ఇంకేం ఏస్తర్రా?"

నది మీద నాకు తోచిన జోకులన్నీ మింగేసి బండి నడిపాను.

గద్వాల అంటే అందరికీ చీరలు గుర్తొస్తాయి. నాకు ఇప్పటినుంచి ఉగ్గాని గుర్తొస్తుంది. బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి, తిరగమోత పెట్టి, పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జి పెడతారు. మా కొత్తకోట దాబాల్లో బజ్జి పక్కన ఉల్లిగడ్డ ముక్కలు పడేసి చేతులు దులుపుకుంటారు. ఇక్కడ బజ్జికి ఒక సంసారం ఉంది. ప్లేటు ముప్పై రూపాయలు. రెండు తిన్నాక ఊరి మీద గౌరవం పెరిగింది.

ఆ బజ్జీల బండి బావ తమ్ముడు మల్లేశుదే. కర్ణాటక పక్కనే కదా, మాటలో కన్నడం చిందుతుంటుంది.

"ఇంకో ప్లేటు బేకా అన్నా?" అంటూనే కాగితం అందుకున్నాడు.

"చదువుకోరాదు జర," అన్నాను, ఆశ చావక.

"ఏం చదువాలె? నాయిన తుపాకి, అన్నకు పోతది. నాకెందుకు? నా బజ్జి తిన్నోడే కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటడు, నాకు వేరే ఆయుధం గావాల్నా?"

"నీకు ఊరు యాదికున్నదా?" అని అడిగాను.

"పాలు తాగే పోరన్ని. జొన్న మూటల మీద పండవెట్టి లారీల తోలుకొచ్చినరంట. అంతే చెప్పిండ్రు." గరిటె తిప్పుతూ ఆగాడు. "అన్నకు అక్కకు యాదికుండే ఊరు ఉన్నది. నాకు అది గూడ లేదు."

సంతకం పెట్టాడు. కాగితం మూల మీద శనగపిండి వేలిముద్ర, దాని చుట్టూ నూనె మరక. బావ లబలబలాడాడు.

"సర్కారు కాగితంరా!"

"వాళ్లకు గూడ ఆకలైతది గదన్నా."

ఒక సంతకం అయిపోయింది. అక్కకు ఫోన్ చేసి చెప్పే ధైర్యం లేక, సిగ్నల్ లేదని నాకు నేనే చెప్పుకున్నాను.

వనపర్తి: నాకే పంక్చర్

రెండోరోజు వనపర్తి దగ్గర వెనక చక్రం కూర్చుంది. ఊరందరి టైర్లూ అతికేవాడిని, నా బండిలో సామాను పెట్టుకోలేదు. వంటవాడు పస్తున్నట్టు. బండి తోసుకుంటూ ఒక దుకాణానికి పోయాం. ఆ పంక్చరాయన ట్యూబు నీళ్లలో ముంచి, బుడగలు చూపించి, నాకు పాఠం చెప్పాడు.

"గాలి తక్కువ పెట్టి ఇద్దరు దొడ్డోళ్లు తిరిగితే గిట్లనే అయితది. టైరు గురించి తెల్వకపోతె తెలిసినోళ్లను అడగాలె."

"అడుగుత అన్నా," అన్నాను వినయంగా. నేను నోరు విప్పకుండా డబ్బులిస్తుంటే బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ ప్రయాణంలో ఆయన నవ్వడం అదే మొదలు.

బస్టాండు పక్కన చలికాలమంతా టిబెట్ వాళ్ల స్వెట్టర్ల దుకాణాలు వరసగా ఉంటాయి. చలి తగ్గగానే మూటలు కట్టుకుని కర్ణాటకలోని తమ శిబిరాలకు పోతారు. బావ అచ్చంపేట అక్కకు ఒక స్వెట్టర్ కొందామన్నాడు. లంచం అని నేను అనలేదు. చూపు అలాగే చూశాను.

దుకాణంలో మా అక్క వయసున్న ఆడమనిషి. మాతో కన్నడంలో మొదలుపెట్టింది. బావకు చిన్నప్పుడు కర్ణాటకకు కూలికి పోయి నేర్చిన కన్నడం కొంచెం గుర్తుంది. వాళ్లు మాట్లాడుకున్నది నేను తెలుగులో రాస్తున్నాను. ఆరువందల యాభై అని మొదలైన బేరం మధ్యలో దారి తప్పి ఊళ్ల మీదికి పోయింది.

"మీది ఏ ఊరు?" అని బావ అడిగాడు.

"నేను కర్ణాటకలోనే పుట్టాను. మా అమ్మది కొండల అవతల. ఊరు ఉంది. పోనివ్వరు."

బావ స్వెట్టర్ మడత పెడుతూ అన్నాడు. "మమ్మల్ని పోనిస్తారు. ఊరు లేదు."

ఆమె ఒక్క క్షణం మా ఇద్దరినీ చూసి గట్టిగా నవ్వింది. ఎవరిది ఎక్కువ నష్టమో తేల్చుకోలేక నవ్వినట్టుంది. బావా నవ్వాడు. ఎందుకు వచ్చామని ఆమె అడిగితే, తుపాకి సంగతి చెప్పాడు, కొంచెం ఛాతీ విరుచుకునే.

"మా తాతకూ ఉండేదట," అన్నది ఆమె. "కొండ దాటే ముందు అది ఇచ్చేసి కంచరగాడిదను తీసుకున్నాడు. తుపాకి పిల్లల్ని మొయ్యదు కదా."

బావ విరిచిన ఛాతీ దించి డబ్బులు తీశాడు. స్వెట్టర్ ఐదువందలకు వచ్చింది. బయటికి వచ్చాక, "ఊరు పోయినోళ్లకు డిస్కౌంటు దొరికింది బావా," అన్నాను. ఆయన స్వెట్టర్ చంకలో పెట్టుకుని బండి ఎక్కాడు.

గోపాల్‌పేట: పరిగె ఏరిన ఆశన్న

ఇక్కడికి పోవడం దారిలో లేదు. అది నా ఎత్తు. గోపాల్‌పేట దగ్గర ఆశన్న అనే ఆయన నాకు తెలుసు. ముంబై, పుణె అంటూ కట్టడాల పనులకు తిరిగి తిరిగి వచ్చి ఇక్కడ కూలి చేసుకుంటున్నాడు. పల్లి పీకిన చేన్లో మిగిలిన కాయలు ఏరుకుంటే ఎవరూ అడ్డు చెప్పరు, దాన్నే పరిగె అంటారు. అట్లా వంగి పరిగె ఏరుతున్న ఆశన్న తొడలో ఎవడిదో నాటు తుపాకి గుండ్లు దిగాయి. బావకు ఆ కాలు చూపించాలని తీసుకుపోయాను.

ఆశన్న గడప మీద కూర్చుని మాకు ఉడకబెట్టిన పల్లికాయలు పెట్టాడు. అడగకముందే లుంగీ పైకి లాగి మచ్చలు చూపించాడు.

"మసకల ఉన్నది. ఢాం అన్నది. మీ దుకాణంల తీరు టైరు పేలిందనుకున్న. చేన్ల టైరెక్కడిది అని ఎంక జూసుకుంటె, పేలింది నేనే."

"ఎవడో తెలిసిందా?" బావ అడిగాడు.

"తెల్వకేంది? మావోడే. ఇద్దరం ఒక్క కంచంల తిన్నోళ్లం. ఉరికొచ్చి నా కాళ్లు పట్టుకొని ఏడిసిండు. పంది అనుకున్ననన్నా అంటడు. నేను పందినైతె ఉరుకుతుండె. మనిషిని గాబట్టి ఆడనే కూలబడ్డ."

అతన్ని పోలీసులు తీసుకుపోయారట, బయటికి వచ్చాక ఊరే విడిచిపెట్టాడట. "నాకు కాలు పోయింది, వానికి ఊరు పోయింది," అన్నాడు ఆశన్న, పల్లికాయ ఒలుస్తూ.

బండి ఎక్కాక, బావ మనసు కరిగి ఉంటుందని కొంచెం ఆగాను.

"అది నాటు తుపాకిరా," అన్నాడు చివరికి. "లైసెన్సు లేనిది. లైసెన్సు గన్ను అట్ల మనిషిని కొట్టదు."

"అవు బావా. చదువుకున్నది గదా."

మూతి ముడుచుకున్నాడు. నా ఎత్తు పారలేదు. పల్లికాయలు మాత్రం తియ్యగా ఉన్నాయి.

నాగర్‌కర్నూల్: టీ కొట్టు కచేరి

మూడోరోజు పొద్దున నాగర్‌కర్నూల్లో టీకి ఆగాం. కొట్టులో టీవీ. ఎక్కడో దూరదేశం, బడిలో కాల్పులట. తల్లులు రోడ్డు మీద ఏడుస్తున్నారు. టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ తల తిప్పకుండానే అన్నాడు.

"ఆడ తుపాకి కిరాణంల దొరుకుతదంట గదా. ఉప్పు, పప్పు, తుపాకి."

"మన దగ్గర మా బావ మూడు జిల్లాలు తిరుగుతుండు," అన్నాను.

"తిరగాలె మరి! నాకు గ్యాస్ బండ ఇయ్యనీకె ఎన్ని అడిగిండ్రు? అది పేలితే నేను, నా గిరాకీ. ఇది పేలితే అవతలోడు. అడగొద్దా?"

బావ టీ ఊదుకుంటూ కూర్చున్నాడు. నేను బడి వదిలినా, బడిలో పిల్లలు ఉన్నారన్న మాట మరచిపోయేవాడిని కాదు. నా అభిప్రాయం ఇక్కడ గట్టిగానే రాస్తున్నాను. తుపాకి ఆలస్యంగా దొరకాలి. దాని కోసం తిరిగి తిరిగి చెప్పులు అరగాలి, అడిగినవాడి కోపం దారిలో చల్లారాలి, తమ్ముడినీ అక్కనూ అడగాలి, వీలైతే పెళ్లాన్ని కూడా అడగాలి. ఆ కాగితం మీద భార్య సంతకానికి చోటు లేకపోవడం ఒక్కటే నాకు కనిపించిన లోపం. ఊరు పోయినవాళ్లకు ఇల్లు మాత్రం అన్ని తిప్పలు లేకుండా దొరకాలి. మా మామకు తుపాకి లైసెన్సు ఏటేటా కొత్తదయింది. మునిగిన చేనుకు బదులు చేను ఆయన పోయేదాకా రాలేదు.

ఇది బావతో అంటే, "నువ్వు ఎమ్మెల్యేకు నిలబడరా," అన్నాడు.

అచ్చంపేట: గొట్టంలోంచి చూపు

నల్లమల దగ్గర పడుతుంటే గాలి మారుతుంది. బావ అక్క నర్సమ్మది ఊరి అంచున రెండు గదుల ఇల్లు. నాకు వదినె అవుతుంది. మేం పోయేసరికి వాకిట్లో ఇద్దరు చెంచు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. పులుల కోసం అడవిలోని తమ గూడేన్ని, వాళ్ల మాటలో పెంటను, ఖాళీ చేసి బయటికి వస్తారా అని అడవి ఆఫీసర్లు వాళ్లను అడుగుతున్నారట. పోవాలా వద్దా అని నర్సమ్మ వదినెను అడగడానికి వచ్చారు. ఊరు పోగొట్టుకున్న అనుభవం ఆమెకు ఉంది కదా.

"పో అని నేను చెప్ప, ఉండు అని చెప్ప," అంటున్నది ఆమె. "పోయెటట్లయితె ఇండ్లు ఎట్లున్నయని ముందుగాల అడగకుర్రి. పీనుగలను వెట్టనీకె బొందలగడ్డ యాడ ఇస్తరో అడుగుర్రి. మాకు ఇండ్ల జాగ చూపెట్టిండ్రు. మొదలు మా అవ్వనే చచ్చిపోయింది. యాడ వెట్టాలె? పొద్దుగూకె దాంక పీనుగతోని తిరిగినం."

వాళ్లు తలాడించి లేచి వెళ్లారు. బావ తల్లి పోయిన సంగతి నాకు తెలుసు. అట్లా తిరిగారని తెలియదు. బావ నా వైపు చూడలేదు.

జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పల్లి చట్నీ. నేను నాలుగో రొట్టెకు సిగ్గుపడితే వదినె అయిదోది వేసింది.

"కొత్తకోటోళ్లు తిండికి సిగ్గుపడుడు ఎప్పుడు నేర్సిండ్రు?"

"బడిల నేర్పినట్టున్నరు వదినె, నేనప్పటికే బయటికొచ్చిన."

స్వెట్టర్ ఇచ్చాం. అక్కడే తొడుక్కుని, చేతులు చాపి చూసుకుని మురిసింది. బావ అదే అదనని కాగితం తీశాడు. ఆమె చదివించుకున్నది. తరువాత స్వెట్టర్ గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నది.

"నేను పెట్ట."

"అక్కా! మల్లేశు పెట్టిండు."

"వానికేం తెలుసు. నీకేం తెలుసు గూడ? ఊరు కూలగొట్టనీకె వచ్చిన పొద్దు నువ్వు గొడ్లను తోలుకొని ముందుగాల పోయినవ్. నాయిన గడప మీద తుపాకి పట్టుకొని కూసున్నడని, ఆఫీసర్లు బెదిరిండ్రని చెప్పుకుంటవ్ గదా?"

"అబద్ధమా?"

"నిజమే. ఆ తుపాకిల తూటాలు లేవు."

బావ చేతిలో కాగితం అట్లాగే ఉంది.

"పొద్దుగాల అవ్వ తూటాలన్ని తీసి నా కడవల ఏసింది. నీళ్లకు పోయినట్టు పోయి కృష్ణల ఇడిసి రా, మీ నాయిన చూపు మంచిగ లేదు అన్నది. ఇడిసొచ్చిన. నేను వచ్చేసరికి బుల్డోజర్ చప్పుడు ఇనవడుతున్నది. నాయిన తూటా పెట్టె కాడ గొట్టం ఇరిసి చూసిండు. ఖాళీ గొట్టం. అండ్ల నుంచి నన్ను చూసిండు. ఈ కొసకు నేనే నిలవడ్డ గదా."

"నిన్ను కొట్టిండా?"

"కొట్టలే. గొట్టం మూసిండు, గడప మీద కూసున్నడు. నిండ తూటాలున్నోని లెక్క కూసున్నడు. ఆఫీసరు దూరం నుంచే ఏం గావాలని అడిగిండు. ఇల్లు కూలగొట్టద్దు అనలేదు నాయిన. నీళ్లు వస్తున్నయని ఆయనకూ తెలుసు. ఊళ్లె పాతర్లల్ల జొన్నలున్నయ్, తవ్వుకోనీకె ఒక్క దినం ఇయ్యుర్రి అన్నడు. ఇచ్చిండ్రు. ఊరంత తవ్వుకున్నరు. ఆ యేడు ఆ జొన్నలే తిన్నం."

భూమిలో లోతుగా గుంత తీసి, గడ్డి పరిచి, జొన్నలు నింపి మట్టితో మూసేదే పాతర. ఉన్నపళంగా తీయడం అయ్యే పని కాదు. గద్వాల మల్లేశును లారీలో పండబెట్టిన మూటలు ఏ జొన్నలో నాకు అప్పుడు తెలిసింది.

"తూటాలుంటె కాలుస్తుండె," అన్నది వదినె. "ఒక్కడు చస్తుండె, నాయిన జైలుకు పోతుండె, జొన్నలు నీళ్ల పాలైతుండె. ఊరు ఎట్లయిన పోతుండె."

"తర్వాత కొనుక్కున్నడు గదా తూటాలు? పందులను కొడ్తుండె గదా?"

"ఎవరు చూసిండ్రు? ఆ తుపాకి చప్పుడు ఎన్నడన్న ఇన్నవారా తమ్మీ?"

  మామ ఏటేటా తుపాకికి నూనె పెట్టడం చూశాను. భుజాన వేసుకుని చేను చుట్టూ తిరుగుతూ పందులను బూతులు తిట్టడం విన్నాను. ఆ బూతులు పక్క ఊరికి కూడా వినబడేవి. తుపాకి చప్పుడు మాత్రం మేం ఎవరమూ వినలేదు.

"నాయిన చేతుల అది కట్టె," అన్నది వదినె. "నీ చేతుల తుపాకి అయితది. అందుకే పెట్ట. ఎండాకాలం నీళ్లు దిగినంక ఊరికి రా. మన గడప బయటపడ్తది. అండ్లనే పొయ్యి పెట్టి రొట్టెలు చేస్త. నీ పెండ్లాన్ని గూడ తోలుకరా."

నీళ్లు బాగా తగ్గిన ఏడు ఆ ఊరివాళ్లు అట్లా పోయి, ఎవరి పునాదుల్లో వాళ్లు వండుకుని తిని వస్తారు. బావ ఎప్పుడూ పోలేదు. పనులున్నాయనేవాడు.

మళ్లీ కొత్తకోట వైపు

తిరుగుదారి పట్టాం. మా అక్క చెప్పిన పని నేను చెయ్యకుండానే అయిపోయింది, గెలిచినట్టు మాత్రం లేదు. కొంచెం దూరం పోయాక వెనకనుంచి బావ మాట వినిపించింది.

"నాయిన ఉత్త తుపాకితోని సర్కారుతోనే మాట్లాడిండు. నేను ఉత్త చేతులతోని గట్టోనితోని మాట్లాడలేనా?"

"మాట్లాడొచ్చు బావా. నోటికి గూడ జర లైసెన్సు తీసుకొని పో."

నా వీపు మీద ఒక గుద్దు పడింది. గట్టిదే. అయినా బాగనిపించింది.

ఇంటికి పోకముందే స్టేషను దగ్గర బండి ఆపమన్నాడు. లోపల ఉన్న ఆయనకు దండం పెట్టి, మా నాయిన తుపాకి నాకు వద్దు, మీరే ఉంచుకోవాలంటే ఏం రాసియ్యాలని అడిగాడు. ఆయన చెప్పినట్టు రాయించి, సంతకం పెట్టాడు. ఆయన దాన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసి అడిగాడు.

"తూటాలు ఏమన్న మిగిలుంటె అవి గూడ అప్పజెప్పాలె. ఉన్నయా?"

"ఉన్నయ్ సార్," అన్నాడు బావ. "కృష్ణల ఉన్నయ్. ఎండాకాలం నీళ్లు దిగినంక మేమందరం రొట్టెలు తిననీకె పోతున్నం. కండ్లవడితె తెచ్చిస్త."